రిమోట్ లాకౌట్

నెట్‌వర్క్ మీదుగా దూరపు కంప్యూటర్‌ను నిర్వహించే వ్యక్తి, తాను చేసిన మార్పు వల్లే మళ్లీ అందులోకి వెళ్లలేకపోవడాన్ని రిమోట్ లాకౌట్ అంటారు. దాడి చేసినవాళ్లు పాస్‌వర్డ్ మార్చేయడం, సంస్థ మీద కోపంతో ఉద్యోగి పాస్‌వర్డులు దాచిపెట్టడం దీని కిందికి రావు. ఇది ప్రవేశ హక్కు ఉన్న మనిషి చేతుల మీదుగానే, అనుకోకుండా జరిగేది. యంత్రం పాడై ఉండాలనేమీ లేదు. చాలాసార్లు అది నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది: వెబ్‌సైట్ తెరుచుకుంటుంది, డేటాబేస్ జవాబిస్తుంది, మెయిళ్లు వెళ్తుంటాయి. సరిదిద్దవలసిన మనిషికి మాత్రం లోపలికి దారి ఉండదు.

ఊళ్లో ఇంటి దగ్గర వదిలి వచ్చిన డెస్క్‌టాప్ మొదలుకొని డేటా సెంటర్లలోని సర్వర్లు, టెలికాం సంస్థల రూటర్లు, గ్రహాల నడుమ తిరిగే నౌకల దాకా దూరం నుంచి ఆజ్ఞలు అందుకునే ఏ యంత్రానికైనా ఈ ప్రమాదం ఉంది. కారణాలు ఎన్ని రకాలుగా కనిపించినా మూలం ఒక్కటే. ఆజ్ఞ ఏ దారిన వెళ్తుందో, ఆ ఆజ్ఞ మార్చేది కూడా ఆ దారినే. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం లాంటిది ఇది. అదే తప్పు ఎదురుగా ఉన్న యంత్రంలో చేస్తే కీబోర్డు ముందు కూర్చుని నిమిషంలో వెనక్కి తీసుకోవచ్చు. దూరపు యంత్రంలో చేస్తే, తప్పును దిద్దే ఆజ్ఞ కూడా మూసుకుపోయిన దారిలోంచే వెళ్లాలి.

నేపథ్యం

తొలితరం కంప్యూటర్లను నడిపేవారు యంత్రం ఉన్న గదిలోనే ఉండేవారు కాబట్టి ఈ సమస్య పుట్టే అవకాశమే లేదు. నెట్‌వర్కులతో అది మొదలైంది. 1969 అక్టోబర్ 29న ఆర్పానెట్ మీద వెళ్లిన మొట్టమొదటి సందేశమే ఒక రిమోట్ లాగిన్ ప్రయత్నం. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలోని యంత్రంలోకి లాగిన్ కావాలని చూస్తే, రెండక్షరాలు చేరగానే అవతలి వ్యవస్థ కుప్పకూలింది.

తర్వాత టెల్‌నెట్, 1983లో బర్క్‌లీ యూనిక్స్‌తో వచ్చిన ఆర్‌లాగిన్ చాలాకాలం వాడుకలో ఉన్నాయి. రెండూ పాస్‌వర్డును బహిరంగంగానే నెట్‌వర్క్ మీద పంపేవి. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డుల చోరీ జరగడంతో, అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ 1995లో సెక్యూర్ షెల్ అనే ఎస్ఎస్‌హెచ్‌ను రూపొందించాడు. దానికి 22వ నంబరు పోర్టు కేటాయించారు. ఓపెన్‌బీఎస్‌డీ బృందం 1999లో విడుదల చేసిన ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ నేడు లైనక్స్, యూనిక్స్ సర్వర్ల నిర్వహణకు ప్రధాన సాధనం. విండోస్‌లో ఆ స్థానం రిమోట్ డెస్క్‌టాప్‌ది. 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్‌తో వచ్చిన దాని ప్రోటోకాల్ 3389వ పోర్టును వాడుతుంది.

2006లో అమెజాన్ ఈసీ2 సేవతో అద్దె సర్వర్ల వాడకం ఊపందుకుంది. అప్పటిదాకా లాకౌట్ అయిన మనిషి ఆటో ఎక్కి డేటా సెంటర్‌కు వెళ్లి, మానిటరు, కీబోర్డు తగిలించి పని ముగించుకోగలిగేవాడు. క్లౌడ్‌లో ఆ అవకాశం లేదు. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. ఆ రీజియన్‌లో సర్వర్ తీసుకున్న వ్యక్తి అదే నగరంలో ఉన్నా, ఆ యంత్రం ఉన్న గదిలో అడుగుపెట్టలేడు. దూరం అంటే కిలోమీటర్లు మాత్రమే కాకుండా పోయింది.

సాధారణ కారణాలు

ఫైర్‌వాల్: లాకౌట్ అనగానే అడ్మినిస్ట్రేటర్లకు మొదట గుర్తొచ్చేది ఇదే. 2001లో లైనక్స్ 2.4 కెర్నెల్‌తో వచ్చిన ఐపీటేబుల్స్, బయటి నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్‌ను నియమాల జాబితాతో పైనుంచి కిందికి పోల్చి చూస్తుంది. ఏ నియమమూ వర్తించకపోతే ఆఖరున ఉండే డిఫాల్ట్ పాలసీని అమలు చేస్తుంది. 22వ పోర్టుకు అనుమతి రాయకముందే డిఫాల్ట్ పాలసీని తిరస్కరణకు మార్చితే, ఎంటర్ నొక్కిన మరుక్షణం తెర బిగుసుకుపోతుంది. దీనికి తలకిందులైన తప్పు ఇంకొకటుంది. నియమాలన్నీ తుడిచేస్తే ఫైర్‌వాల్ తెరుచుకుంటుందని చాలామంది అనుకుంటారు. పాలసీ తిరస్కరణగా ఉన్నప్పుడు నియమాలు తుడిస్తే పోయేవి అనుమతులే. తిరస్కరణ అలాగే మిగిలిపోతుంది.

ఉబుంటులో వాడే యూఎఫ్‌డబ్ల్యూ అనే సరళ సాధనం, ఎస్ఎస్‌హెచ్ ద్వారా దాన్ని ఆన్ చేయబోతే, ఉన్న కనెక్షన్లకు అంతరాయం కలగవచ్చని హెచ్చరించి అవునో కాదో అడుగుతుంది. అలవాటుగా అవునని కొట్టేసేవారిని ఆ ప్రశ్న ఆపలేదు. ఇంటి ఐపీ అడ్రసుకు మాత్రమే అనుమతి ఇవ్వడం మరో చిక్కు. ఇళ్లకిచ్చే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో అడ్రసు తరచూ మారుతుంది. రూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయగానే నిన్నటి అనుమతి ఇవాళ పనికిరాకుండా పోవచ్చు.

ఎస్ఎస్‌హెచ్ సెట్టింగులు: భద్రత పెంచాలన్న మంచి ఉద్దేశంతో చేసిన మార్పులే ఇక్కడ ఎక్కువగా దెబ్బతీస్తాయి. తన పబ్లిక్ కీ సర్వర్‌లో చేరిందో లేదో చూడకుండా పాస్‌వర్డ్ లాగిన్ నిలిపివేయడం ఒకటి. అనుమతించే యూజర్ల జాబితా రాయడం మరొకటి. ఆ జాబితా ఒకటంటూ ఉంటే, అందులో లేని ప్రతి ఒక్కరికీ ప్రవేశం నిషిద్ధమే. రాసినవాడి పేరు లేకపోతే రాసినవాడికీ అంతే. పోర్టు నంబరు మార్చి, కొత్త పోర్టును ఫైర్‌వాల్‌లో తెరవకపోవడం కూడా తరచూ జరుగుతుంది. రెడ్‌హ్యాట్ కుటుంబపు లైనక్స్‌లలో అది తెరిచినా చాలదు. ఎస్ఈలైనక్స్ అనే భద్రతా వ్యవస్థకు కూడా కొత్త పోర్టును పరిచయం చేయాలి. సెట్టింగుల ఫైల్‌లో ఒక్క పదం తప్పు పడినా సర్వీసు రీస్టార్ట్ కాదు.

ఫైళ్ల అనుమతులు, ఖాతాలు: యూజర్ హోమ్ ఫోల్డరును ఇతరులు మార్చగల స్థితిలో ఉంచితే, అందులోని కీలను ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ నమ్మదు. ఇతరులు రాయగలిగిన చోట ఇతరుల కీ కూడా చేరి ఉండవచ్చన్నది దాని లెక్క. అందుకే ఏదో ఫైల్ తెరుచుకోవడం లేదని ఫోల్డరు మొత్తానికి 777 అనుమతులిచ్చే అలవాటు లాకౌట్‌కు దగ్గర దారి. సగం లాకౌట్లూ ఉంటాయి. కొత్త గ్రూపులో చేర్చే ఆజ్ఞలో 'కలుపు' అని సూచించే ఒక్క అక్షరం వదిలేస్తే, పాత గ్రూపుల జాబితా పోయి కొత్తది ఒక్కటే మిగులుతుంది. అడ్మిన్ అధికారాలిచ్చే సుడో గ్రూపు అలా జారిపోయిన యూజర్ లోపలికి రాగలడు గానీ ఏమీ చేయలేడు.

నెట్‌వర్క్: ఐపీ అడ్రసు, గేట్‌వే తప్పుగా రాయడం, తాను వచ్చిన ఇంటర్‌ఫేస్‌నే ఆపేయడం సరేసరి. సర్వర్‌లో వీపీఎన్ క్లయింటును నడిపితే, అది బయటికి వెళ్లే రాకపోకలన్నిటినీ తన సొరంగంలోకి మళ్లించవచ్చు. అప్పుడు అడ్మినిస్ట్రేటరు పంపిన ప్యాకెట్ సర్వర్‌కు చేరుతుంది కానీ, జవాబు వేరే దారి పట్టి పోతుంది. సిస్కో స్విచ్‌లలో ఒక తప్పు నెట్‌వర్క్ ఇంజినీర్లందరికీ పరిచయమే. ట్రంక్ పోర్టు మీద ఒక వీల్యాన్‌ను అదనంగా అనుమతించే ఆజ్ఞలో 'యాడ్' అనే పదం మరిచిపోతే, కొత్త వీల్యాన్ పాతవాటి పక్కన చేరదు, వాటి స్థానంలో కూర్చుంటుంది. తాను వచ్చిన వీల్యాన్ ఆ పాతవాటిలో ఉంటే కథ అంతటితో సరి.

బూట్: కొన్ని తప్పులు వెంటనే బయటపడవు. డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో పొరపాటు రాసినా సర్వర్ నెలల తరబడి నడుస్తుంది. ఎప్పుడో రీబూట్ చేసిన రోజున ఆ డిస్కు కోసం వెతికి, దొరకక, ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగి, ఎవరూ లేని గదిలో కన్సోల్ మీద పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసిన సర్వర్ కూడా ప్రతి రీబూట్‌కూ పాస్‌ఫ్రేజ్ కోసం ఇలాగే ఆగుతుంది. రీబూట్ బదులు షట్‌డౌన్ కొట్టడం, ఒకే తెర మీద నాలుగైదు టెర్మినళ్లు తెరిచి ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌ను ఆపేయడం కూడా ఈ కోవలోవే. డెబియన్‌లో మోలీ గార్డ్ అనే ప్యాకేజీ ఉంది. ఎస్ఎస్‌హెచ్ ద్వారా ఎవరైనా షట్‌డౌన్ కొడితే, ముందు ఆ యంత్రం పేరు టైప్ చేయమంటుంది. ఒక ప్రోగ్రామర్ చిన్నారి కూతురు మోలీ ఒకే రోజు రెండుసార్లు ఐబీఎం 4341 యంత్రం పెద్ద ఎర్ర స్విచ్ నొక్కేయడంతో దానికి అమర్చిన ప్లాస్టిక్ మూత పేరే ఈ ప్యాకేజీకి వచ్చింది.

రక్షణ వ్యవస్థలు: దొంగలను ఆపే కాపలా యజమానిని గుర్తుపట్టకపోవచ్చు. ఫెయిల్2బ్యాన్ అనే సాధనం మామూలు సెట్టింగులలో 10 నిమిషాల వ్యవధిలో 5 సార్లు విఫలమైన అడ్రసును 10 నిమిషాలు అడ్డుకుంటుంది. పాస్‌వర్డ్ మరిచి వరుసగా ప్రయత్నించేవాడు దానికి దొంగలాగే కనబడతాడు. కంప్యూటర్‌లో చాలా కీలు పోగేసుకున్నవారికి మరో ఇబ్బంది. ఎస్ఎస్‌హెచ్ వాటిని ఒకటొకటిగా ప్రయత్నిస్తుంది, అసలైనదాని వంతు రాకముందే సర్వర్ అనుమతించే 6 ప్రయత్నాలూ అయిపోవచ్చు. ఫోన్‌లో 30 సెకన్లకోసారి మారే కోడ్‌లు సమయం మీద ఆధారపడతాయి కాబట్టి, సర్వర్ గడియారం బాగా తప్పినా సరైన కోడ్ చెల్లదు.

లక్షణాలను బట్టి కారణం

లాకౌట్ ఎక్కడ జరిగిందో బయటి నుంచే కొంత చెప్పవచ్చు. కనెక్షన్ కోసం చాలాసేపు ఎదురుచూసి టైమవుట్ అయితే ప్యాకెట్లను ఫైర్‌వాల్ మౌనంగా పారేస్తోందని, లేదా యంత్రమే నెట్‌వర్క్ మీద లేదని అనుమానించాలి. వెంటనే తిరస్కరణ వస్తే యంత్రం ఉంది, ఆ పోర్టు మీద వినేవారు లేరు. సర్వీసు ఆగిపోయి ఉండవచ్చు, పోర్టు మారి ఉండవచ్చు. కనెక్షన్ కుదిరి, అనుమతి లేదని సందేశం వస్తే లోపం కీలలోనో ఖాతాలోనో ఉంది. ఇంటి నుంచి కుదరక మొబైల్ హాట్‌స్పాట్ నుంచి కుదిరితే అడ్డు పడ్డది ఇంటి అడ్రసుకే.

తెగని పాత సెషన్

ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌లో ప్రతి కనెక్షన్‌కూ విడిగా ఒక ప్రాసెస్ ఉంటుంది. అందువల్ల సెట్టింగులు మార్చి సర్వీసును రీస్టార్ట్ చేసినా, అప్పటికే లోపల ఉన్న సెషన్ తెగదు. చాలా ఫైర్‌వాళ్లు కూడా అప్పటికే కుదిరిన కనెక్షన్లను సాగనిస్తాయి. ఇది అడ్మినిస్ట్రేటరుకు ఆయుధమూ అవుతుంది, ఉచ్చూ అవుతుంది. కొత్త సెట్టింగులతో అంతా బాగుందనుకుని బయటికి వచ్చినవాడికి, మళ్లీ వెళ్లబోయినప్పుడే సంగతి తెలుస్తుంది. పాత టెర్మినల్ కిటికీ మూయకుండా, రెండో కిటికీలో కొత్తగా లాగిన్ అయి చూసుకున్నవాడు తప్పు కనబడగానే మొదటి కిటికీలోంచి దిద్దేస్తాడు. లాకౌట్ నివారణకు అతి చవకైన పద్ధతి ఇదే. సెట్టింగుల ఫైల్‌లో రాత తప్పులున్నాయేమో రీస్టార్ట్‌కు ముందే చూసే పరీక్ష ఆజ్ఞ కూడా ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌లో ఉంది.

దానంతట అదే వెనక్కి వచ్చే మార్పులు

నెట్‌వర్క్ మార్పుల విషయంలో పాత సెషన్ మీద ఆధారపడలేం. అది కూడా తెగుతుంది. అందుకని ఈ రంగంలో ఒక పద్ధతి స్థిరపడింది. మార్పును ముందు తాత్కాలికంగా అమలు చేయాలి, గడువులోగా మనిషి 'బాగుంది' అని ధ్రువీకరించాలి, లేకపోతే యంత్రమే పాత స్థితికి వెళ్లిపోవాలి. దారి మూసుకుపోతే ధ్రువీకరణ చేరదు, చేరకపోవడమే 'వెనక్కి తీసుకో' అన్న ఆజ్ఞ అవుతుంది. మానిటరు రిజల్యూషన్ మార్చినప్పుడు, ఈ మార్పు ఉంచాలా అని విండోస్ కొన్ని సెకన్లు అడిగి, జవాబు రాకపోతే పాతదానికి మారడంలో ఉన్నది ఇదే సూత్రం.

జూనిపర్ సంస్థ జూనోస్ రూటర్లలో 'కమిట్ కన్ఫర్మ్‌డ్' అనే ఆజ్ఞ ఇందుకే ఉంది. గడువు చెప్పకపోతే 10 నిమిషాలు చూసి పాత కాన్ఫిగరేషన్‌ను తెస్తుంది. ఉబుంటులో నెట్‌ప్లాన్ 'ట్రై' ఆజ్ఞ 120 సెకన్లు ఆగుతుంది. మైక్రోటిక్ రూటర్లలో సేఫ్ మోడ్ ఆన్ చేసి పనిచేస్తే, సెషన్ అర్ధాంతరంగా తెగినప్పుడు ఆ సెషన్‌లో చేసిన మార్పులన్నీ రద్దవుతాయి. సిస్కో పరికరాల మీద పనిచేసే ఇంజినీర్లు పని మొదలుపెట్టే ముందు '10 నిమిషాల్లో రీలోడ్ కావాలి' అని చెప్పి, అంతా సవ్యంగా ఉంటే దాన్ని రద్దు చేస్తారు. నడుస్తున్న కాన్ఫిగరేషన్‌ను సేవ్ చేయనంతవరకే ఈ ఉపాయం పనిచేస్తుంది. తొందరపడి సేవ్ చేస్తే రీలోడ్ తర్వాత లేచేది కూడా తప్పు కాన్ఫిగరేషనే. లైనక్స్‌లో ఈ ఏర్పాటును చేత్తోనే చేసుకోవచ్చు: పాత ఫైర్‌వాల్ నియమాలను 10 నిమిషాల తర్వాత తిరిగి పెట్టమని షెడ్యూలర్‌కు అప్పగించి, ఆ తర్వాతే కొత్త నియమాలను తాకాలి.

తిరిగి ప్రవేశించే దారులు

దారి మూసుకుపోయాక చేయవలసిన మొదటి పని, కంగారుపడి రీబూట్ చేయకపోవడం. నిషేధం తాత్కాలికమైతే వేచి చూస్తే చాలు. సేవ్ చేయని ఫైర్‌వాల్ నియమాల వల్లే లాకౌట్ అయితే రీబూట్‌తో అవి పోతాయి. ఎఫ్‌స్టాబ్‌లోనో కెర్నెల్‌లోనో తప్పుంటే మాత్రం రీబూట్ వల్ల నడుస్తున్న సేవలు కూడా ఆగిపోతాయి.

సొంత సర్వర్లకు ప్రధాన ఆసరా బీఎంసీ. మదర్‌బోర్డు మీద ప్రధాన కంప్యూటర్‌తో నిమిత్తం లేకుండా నడిచే చిన్న కంప్యూటర్ ఇది. దీనికి సొంత నెట్‌వర్క్ అడ్రసు ఉంటుంది. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా ఇది మేలుకునే ఉంటుంది. పవర్ వేయగలదు, తీయగలదు, తెర మీదున్నది చూపగలదు, కీబోర్డు మీటలు అందించగలదు. ఇంటెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ, డెల్ కలిసి 1998లో దీనికి ఐపీఎంఐ ప్రమాణాన్ని ప్రకటించాయి. తర్వాత 2015లో రెడ్‌ఫిష్ వచ్చింది. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీలో ఐలో అన్నవి ఈ కోవకు చెందినవే. రూటర్లు, స్విచ్‌లకైతే సీరియల్ కన్సోల్ పోర్టుకు ఒక కన్సోల్ సర్వర్‌ను, దానికి మొబైల్ డేటా మోడెమ్‌ను తగిలించి ఉంచుతారు. ప్రధాన నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఇలాంటి ఏర్పాటును అవుట్ ఆఫ్ బ్యాండ్ నిర్వహణ అంటారు.

క్లౌడ్ సర్వర్లలో ఆ పని వెబ్ కన్సోల్ చేస్తుంది. చాలా సంస్థలు బ్రౌజర్‌లోనే సర్వర్ తెరను చూపుతాయి. అమెజాన్ 2021లో ఈసీ2కు సీరియల్ కన్సోల్‌ను చేర్చింది. కొన్ని సంస్థలు రెస్క్యూ మోడ్ ఇస్తాయి: సర్వర్ వేరే చిన్న వ్యవస్థతో బూట్ అవుతుంది, అసలు డిస్కును అందులోంచి తెరిచి తప్పు దిద్దవచ్చు. ఏ కన్సోలూ పనిచేయనప్పుడు డిస్కు మార్పిడి ఉంది. లాకౌట్ అయిన సర్వర్‌ను ఆపి, దాని డిస్కును విడదీసి, మరో సర్వర్‌కు రెండో డిస్కుగా తగిలించి, సెట్టింగులనో కీనో సరిచేసి, మళ్లీ మొదటిదానికి తగిలించడం. ప్రైవేట్ కీ పోగొట్టుకున్నవారికి కూడా ఇదే దారి, ఎందుకంటే ఆ కీ నకలును అమెజాన్ తన దగ్గర ఉంచుకోదు.

ఇంటి కంప్యూటర్లకు ఇవేవీ ఉండవు. మార్పు ఏదీ చేయకున్నా, కరెంటు పోవడం, స్లీప్ మోడ్‌లోకి జారుకోవడం వల్ల కూడా వాటికి దారి తరచూ మూసుకుపోతుంది. కరెంటు తిరిగి రాగానే దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగు చాలా మదర్‌బోర్డుల బయాస్‌లో ఉంటుంది. నిద్రపోయిన యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి లేపడానికి వేక్ ఆన్ ల్యాన్ ఉంది, అయితే ఆ ప్యాకెట్ పంపడానికి ఇంట్లో మరో పరికరం మేలుకుని ఉండాలి. ఇవేవీ లేకపోతే మిగిలేది ఇంట్లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి ఏ బటన్ నొక్కాలో చెప్పడమే. డేటా సెంటర్లు ఇదే పనిని 'రిమోట్ హ్యాండ్స్' పేరుతో రుసుము తీసుకుని చేసిపెడతాయి.

పెద్ద సంస్థల్లో లాకౌట్లు

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ దాదాపు 6 గంటలు ప్రపంచమంతటా నిలిచిపోయాయి. సంస్థ డేటా సెంటర్లను కలిపే బ్యాక్‌బోన్ సామర్థ్యాన్ని అంచనా వేయడానికి ఇచ్చిన ఒక నిర్వహణ ఆజ్ఞ, బ్యాక్‌బోన్ కనెక్షన్లన్నిటినీ తెంచేసింది. ఇలాంటి ఆజ్ఞలను ఆపవలసిన తనిఖీ సాధనంలోనే లోపం ఉంది. డేటా సెంటర్లు అందకపోవడంతో పేర్లను అడ్రసులుగా మార్చే ఆ సంస్థ డీఎన్ఎస్ సర్వర్లు తామే అనారోగ్యంగా ఉన్నామని భావించి ఇంటర్నెట్ నుంచి తమ మార్గాల ప్రకటనలు ఉపసంహరించుకున్నాయి. మామూలు దారితో పాటు అవుట్ ఆఫ్ బ్యాండ్ దారి కూడా పనిచేయలేదు. ఇంజినీర్లను స్వయంగా డేటా సెంటర్లకు పంపవలసి వచ్చింది. బయటివారు చొరబడకుండా కట్టుదిట్టం చేసిన ఆ భవనాల్లోకి, యంత్రాల్లోకి ప్రవేశించడానికి సొంత మనుషులకే సమయం పట్టిందని సంస్థ మౌలిక వసతుల విభాగాధిపతి సంతోష్ జనార్దన్ మర్నాడు వివరించాడు.

కెనడాలో 2022 జులై 8న రోజర్స్ టెలికాం నెట్‌వర్క్ మొత్తం పడిపోయింది. ఒక రూటర్‌లో మార్గాలను వడపోసే నియమాన్ని తొలగించడంతో, మితిమీరిన మార్గాల సమాచారం కోర్ రూటర్ల మీద విరుచుకుపడింది. 1 కోటి 20 లక్షలకు పైగా వినియోగదారులకు ఫోన్, ఇంటర్నెట్ లేకుండా పోయాయి. దేశంలో డెబిట్ కార్డు చెల్లింపులు స్తంభించాయి. నిర్వహణ నెట్‌వర్క్ కూడా అదే కోర్ మీద ఆధారపడి ఉండటంతో ఇంజినీర్లు రూటర్లను చేరలేకపోయారు. వాళ్ల ఫోన్లు కూడా రోజర్స్‌వే కావడంతో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే కష్టమైంది. ఇతర సంస్థల సిమ్ కార్డులు తెప్పించుకుని సిబ్బందికి పంపారు. మూలకారణం గుర్తించడానికే 14 గంటలు పట్టింది.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను నీలి తెరతో కుప్పకూల్చింది. సంస్థ 78 నిమిషాల్లోనే ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది. అప్పటికే బూట్ కాలేక పడి లేస్తున్న యంత్రాలకు ఆ దిద్దుబాటు చాలావరకు అందలేదు. నెట్‌వర్క్ దాకా లేస్తేనే కదా అందేది. వాటిలో చాలావాటి దగ్గరికి మనుషులు వెళ్లి, సేఫ్ మోడ్‌లో ఒక ఫైల్‌ను తొలగించవలసి వచ్చింది. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కూడా కావాలి. ఆ కీలను పడిపోయిన సర్వర్లలోనే దాచుకున్న సంస్థలకు చిక్కు మీద చిక్కు. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతిరాత బోర్డింగ్ పాసులు ఇచ్చారు.

అంతరిక్ష నౌకలు

రిమోట్ హ్యాండ్స్ దొరకని చోట లాకౌట్ శాశ్వతం కావచ్చు. 1976 జులై 20న అంగారకుడి మీద దిగిన వైకింగ్ 1 ల్యాండర్ ఆరేళ్లకు పైగా పనిచేసింది. 1982 నవంబర్‌లో బ్యాటరీ ఛార్జింగ్ సాఫ్ట్‌వేర్‌ను మెరుగుపరచడానికి భూమి నుంచి పంపిన ఆజ్ఞ, యాంటెన్నాను ఎటు తిప్పాలో చెప్పే సమాచారం మీద పడి దాన్ని చెరిపేసింది. భూమి వైపు చూడటం మరిచిన ల్యాండర్‌కు మళ్లీ ఏ ఆజ్ఞా చేరలేదు. సోవియట్ యూనియన్ 1988 జులైలో ప్రయోగించిన ఫోబోస్ 1 నౌకకు పంపిన ఆజ్ఞల వరుసలో ఒక్క అక్షరం తప్పిపోయింది. దిశను అదుపు చేసే వ్యవస్థ ఆగిపోయి, సౌర ఫలకాలు సూర్యుడికి దూరంగా తిరిగి, బ్యాటరీలు అడుగంటాయి. సెప్టెంబర్ 2న దాని నుంచి రావలసిన సంకేతం రాలేదు.

వోయేజర్ 2 కథ మాత్రం సుఖాంతం. 2023 జులై 21న పొరపాటుగా వెళ్లిన ఆజ్ఞల వల్ల దాని యాంటెన్నా భూమి నుంచి 2 డిగ్రీలు పక్కకు తిరిగింది. అప్పటికి అది దాదాపు 1,990 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. నాసా ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా కేంద్రం నుంచి అత్యంత శక్తిమంతమైన సంకేతాన్ని పంపింది. అది చేరడానికి 18 గంటల 30 నిమిషాలు, ఫలితం తెలియడానికి మళ్లీ అంతే సమయం పట్టింది. ఆగస్టు 4న సంబంధం పునరుద్ధరణ అయింది. ఆ సంకేతం విఫలమై ఉన్నా నౌక పోయేది కాదు. ఏడాదికి కొన్నిసార్లు దానంతట అదే భూమి వైపు సరిగా తిరిగేలా నౌకలో ముందే ఏర్పాటు ఉంది. తర్వాతి గడువు అక్టోబర్ 15. సమాధానం రాకపోతే పాత స్థితికి వెళ్లే రూటర్‌లోని 10 నిమిషాల గడువుకూ, ఈ నౌకలోని ఏర్పాటుకూ సూత్రం ఒక్కటే.

రెండో దారి, భద్రత

లాకౌట్ నుంచి కాపాడే ప్రతి రెండో దారీ దాడి చేసేవాడికి కూడా రెండో తలుపే. 2013లో భద్రతా నిపుణుడు డాన్ ఫార్మర్ ఐపీఎంఐ లోపాలను వెల్లడించాడు. రెండో తరం ప్రమాణంలో ఉన్న లాగిన్ పద్ధతి, అడిగినవాడికి పాస్‌వర్డ్ హ్యాష్‌ను ముందే ఇచ్చేస్తుంది. దాన్ని తీరిగ్గా ఛేదించుకోవచ్చు. బీఎంసీని చేజిక్కించుకున్నవాడికి సర్వర్ పవర్, కీబోర్డు, తెర చేతిలో ఉన్నట్టే. అందుకే వాటిని బహిరంగ ఇంటర్నెట్ మీద కాక ప్రత్యేక నెట్‌వర్క్‌లో ఉంచాలి. క్లౌడ్ ఖాతాల విషయంలో, రోజువారీ లాగిన్ వ్యవస్థతో సంబంధం లేని అత్యవసర ఖాతాలు కనీసం రెండు ఉంచుకోవాలని మైక్రోసాఫ్ట్ సలహా ఇస్తుంది. వాటి వివరాలు భద్రంగా దాచాలి, వాటితో ఎవరు లాగిన్ అయినా వెంటనే తెలిసే ఏర్పాటు ఉండాలి.

ఈ రెండు అవసరాల మధ్య ఎక్కడ గీత గీయాలన్నది సంస్థను బట్టి మారుతుంది. కట్టుదిట్టమైన భద్రత వల్ల 2021లో తాము కోలుకోవడం ఆలస్యమైనా, అరుదుగా వచ్చే ఆ నష్టం కంటే రోజూ అందే రక్షణ విలువే ఎక్కువని ఫేస్‌బుక్ తేల్చుకుంది. రోజర్స్ తన నిర్వహణ నెట్‌వర్క్‌ను ప్రధాన నెట్‌వర్క్ నుంచి వేరుచేసే పనికి పూనుకుంది. అయితే గీత ఎక్కడ గీసినా రెండు షరతులు తప్పవు. రెండో దారి మొదటి దాని మీద ఏ విధంగానూ ఆధారపడకూడదు: కేబుల్, కరెంటు, డీఎన్ఎస్, పాస్‌వర్డులు దాచిన సర్వర్, ఇంజినీర్ల జేబుల్లోని సిమ్ కార్డులు, అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. అది పనిచేస్తోందో లేదో అవసరం రాకముందే, మొదటి దారిని కావాలని మూసి చూసి, పరీక్షించుకోవాలి.